పలాస పప్పు కాటాలకు సెమాఫోర్లు అమర్చిన వైనం: నా అనుభవం

పలాస-కాశీబుగ్గలోని ఒక జీడిపప్పు కర్మాగారంలో, పీలింగ్ హాలులో నాలుగు ఎలక్ట్రానిక్ కాటాలు ఉన్నాయి. పొర ఒలిచిన పప్పును ఆడవాళ్లు ట్రేలలో తెచ్చి, ఏ కాటా ఖాళీగా ఉంటే దాని మీద పెట్టి, పక్కనున్న మీటల పలక మీద తమ కార్డు నంబరు నొక్కుతారు. నంబరూ తూకమూ కలిసి సీరియల్ కేబుల్ గుండా ఆఫీసు గదిలోని లినక్స్ కంప్యూటరుకు చేరతాయి. అక్కడి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు చీటీ కొడుతుంది. ఒలిచిన కిలోలను బట్టే కూలి కాబట్టి, చీటీలో అంకె తప్పు పడితే అది ఎవరో ఒకరి కూలిలో తేడాగా తేలుతుంది. ఆ కంప్యూటరులో నడిచే సీ ప్రోగ్రామును అంతకు ముందు మరెవరో రాశారు. దాని ఆలనాపాలనా శ్రీకాకుళంలో ఉంటున్న నాకు అప్పగించారు. “బాబూ, నాలుగో కాటా మీద తూసిన పప్పు రెండో కాటా ఆవిడ చీటీలో పడిపోనాదండి, ఒక్కపాలి వచ్చి సూడండి” అని పీలింగ్ మేస్త్రీ ఫోను చేయడంతో నా పని మొదలైంది.

ఆమదాలవలసలో రైలెక్కి పలాస వెళ్లి, ప్రోగ్రామును నా ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని చదివాను. థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాములో మిగతావాటితో పాటు సమాంతరంగా నడిచే పని. కాటాకొక థ్రెడ్ చొప్పున నాలుగు థ్రెడ్లు, చీటీ కొట్టడానికి ఐదో థ్రెడ్ ఉన్నాయి. కాటా థ్రెడ్లన్నీ ఒకే ఒక్క ఉమ్మడి స్ట్రక్చరులో మొదట కార్డు నంబరు, తరువాత తూకం రాసి, ‘సిద్ధం’ అనే పూర్ణాంక చలరాశిని 1 చేసేవి. చీటీ థ్రెడ్ ఆ చలరాశి 1 అయ్యేదాకా ఒక ఖాళీ వైల్ లూపులో తిరుగుతూ ఉండి, 1 కాగానే స్ట్రక్చరును చదివి ప్రింటరుకు పంపి, మళ్లీ దాన్ని 0 చేసేది. ఇందులో మేస్త్రీ చెప్పిన ఫిర్యాదుకు కారణం వెతకనక్కరలేదు. నాలుగో కాటా థ్రెడ్ కార్డు నంబరు రాసిన తరువాత, తూకం రాయకముందే రెండో కాటా థ్రెడ్ వచ్చి ఆ రెంటినీ తనవిగా రాసేసి వెళ్లవచ్చు; ఆపైన నాలుగో థ్రెడ్ తన తూకాన్ని దాని మీద రాస్తుంది. కాగితం అయిపోయి ప్రింటరు ఆగిన సమయంలోనైతే ఒక తూకం మీద మరొకటి పడి, మొదటిది అసలు కనిపించకుండానే పోతుంది.

మేక్‌ఫైలులో (ప్రోగ్రామును కంపైల్ చేసే ఆదేశాల ఫైలు) నన్ను ఆకట్టుకున్న ఒక వ్యాఖ్య ఉంది: ‘ఆప్టిమైజ్ చేయవద్దు, ఆగిపోతుంది.’ రాసినవారు లక్షణాన్ని గుర్తించారు, మూలాన్ని వదిలేశారు. ఖాళీ లూపులో ‘సిద్ధం’ విలువను మార్చే వాక్యమేదీ లేదు. సీ భాష నియమాల ప్రకారం ఒక మామూలు చలరాశిని వేరే థ్రెడ్ చెప్పాపెట్టకుండా మారుస్తుందని, ప్రోగ్రామును యంత్రసంకేతంగా మార్చే కంపైలర్ ఊహించనక్కరలేదు. అందువల్ల హైఫన్ ఓ2 స్థాయిలో, అంటే వేగం కోసం ఆప్టిమైజ్ చేయమన్నప్పుడు, అది ఆ విలువను ఒక్కసారే రిజిస్టరులోకి తెచ్చుకుని, 0 అయితే ఇక శాశ్వతంగా తిరుగుతూ ఉండే యంత్రసంకేతాన్ని తయారు చేస్తుంది. ఆప్టిమైజేషన్ తీసేస్తే ప్రతి చుట్టులోనూ మెమరీ నుంచి చదువుతుంది కనుక పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది, ఒక కోర్ మాత్రం నూటికి నూరు శాతం ఆ లూపుకే ఖర్చవుతుంది. చలరాశి ముందు వోలటైల్ అని రాస్తే ఆగిపోవడం తప్పుతుంది గానీ, నంబరూ తూకమూ కలగాపులగం కావడం తప్పదు. ఎందుకంటే వోలటైల్ అనే మాట చదవడాన్ని మానవద్దని మాత్రమే చెబుతుంది, ఇద్దరు ఒకేసారి రాయకుండా ఆపదు.

ఆ రోజు తూకాలన్నింటి మొత్తం విషయం ఇంకొంచెం సూక్ష్మమైనది. నాలుగు థ్రెడ్లూ ఒకే చలరాశికి తూకాన్ని కూడుతున్నాయి. చీటీల మొత్తానికీ ఈ మొత్తానికీ అప్పుడప్పుడు తేడా వస్తోందని గుమస్తా గారు ఫిర్యాదు చేస్తే, ‘కాటా తేడా’ అని సరిపెట్టుకుంటూ వచ్చారట. కూడడం సీ భాషలో ఒక్క వాక్యమే అయినా, ప్రాసెసరుకు మూడు పనులు: విలువను తెచ్చుకోవడం, కూడడం, తిరిగి పెట్టడం. మొదటిదానికీ మూడోదానికీ నడుమ వేరొక థ్రెడ్ తన కూడికను పూర్తి చేస్తే ఆ కూడిక తుడిచిపెట్టుకుపోతుంది. కాటాలు కొన్ని సెకన్లకు ఒకసారి మాత్రమే మాట్లాడతాయి కనుక ఇది అరుదుగా జరుగుతుంది. అరుదు కావడమే దీనితో వచ్చిన చిక్కు. షావుకారు గారికి నమ్మకం కలిగించడానికి రెండు థ్రెడ్లు ఒక్కొక్కటి పది లక్షల సార్లు ఒకే చలరాశికి 1 కూడే చిన్న ప్రోగ్రామును, ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసి, వారి ఎదుటే నడిపాను. ఇరవై లక్షలు రావలసిన చోట ప్రతిసారీ అంతకన్నా తక్కువ, అదీ ప్రతిసారీ వేరే అంకె వచ్చింది. “మరి ఇన్నాళ్లూ మాకు చూపించిన మొత్తం ఇలాంటిదేనా?” అని వారు అడిగారు. ఇలాంటిదేనని చెప్పక తప్పలేదు.

తిరగరాయాలని నిర్ణయం జరిగాక, ఏ సాధనంతో అన్నది తేల్చుకోవలసి వచ్చింది. సెమాఫోర్ అనేది నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960ల తొలి సంవత్సరాలలో ఇచ్చిన భావన: సున్నా కన్నా తగ్గని ఒక పూర్ణాంకం, దాని మీద విడదీయరాని రెండు చర్యలు. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి నియమావళి అయిన పోజిక్స్ ప్రమాణంలో వాటి పేర్లు సెమ్_వెయిట్, సెమ్_పోస్ట్. వెయిట్ పిలిచినప్పుడు అంకె సున్నా కన్నా ఎక్కువ ఉంటే ఒకటి తగ్గించి ముందుకు పోనిస్తుంది. సున్నా అయితే పిలిచిన థ్రెడ్‌ను నిద్రపుచ్చుతుంది. పోస్ట్ పిలిస్తే అంకె ఒకటి పెరుగుతుంది, నిద్రపోతున్నవారిలో ఒకరు మేల్కొంటారు. లినక్స్‌లో ఇది ఫ్యూటెక్స్ అనే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) సదుపాయం మీద నిలిచి ఉంటుంది. పోటీ లేనప్పుడు వెయిట్ కెర్నల్‌లోకి వెళ్లకుండా ఒక అటామిక్ (విడదీయరాని) ఆదేశంతోనే ముగుస్తుంది కనుక, నెమ్మది అనే భయంతో దీన్ని మానుకోనక్కరలేదు. సెమాఫోర్.హెచ్ అనే హెడరును చేర్చి, హైఫన్ పీథ్రెడ్ అనే ఐచ్ఛికంతో కంపైల్ చేస్తే చాలు. గ్లిబ్‌సీ (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) 2.34 నుంచి పీథ్రెడ్ లైబ్రరీ మూల సీ లైబ్రరీలోనే కలిసిపోయినా, పాత యంత్రాలకూ పనికివస్తుందని నేను ఆ ఐచ్ఛికాన్ని ఉంచుతాను.

పాఠాలు చాలావరకు సెమాఫోర్‌ను ఒక తాళంగా పరిచయం చేస్తాయి: 1తో మొదలుపెట్టు, లోపలికి వెళ్లేముందు వెయిట్, బయటికి వచ్చాక పోస్ట్. ఇది పనిచేస్తుంది, కానీ ఆ వాడుకను నేను ఇష్టపడను. సెమాఫోర్‌కు యజమాని అంటూ ఉండరు. వెయిట్ చేయని థ్రెడ్ కూడా పోస్ట్ చేయవచ్చు. పొరపాటున ఏదో ఒక దారిలో పోస్ట్ రెండుసార్లు పడితే అంకె 2 అవుతుంది, ఆపైన ఇద్దరు ఒకేసారి లోపలికి వెళతారు, ఎవరూ హెచ్చరించరు. మ్యూటెక్స్‌కు, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి పోనిచ్చే తాళానికి, యజమాని ఉన్నాడు. తప్పు పరిశీలించే రకం మ్యూటెక్స్ పెట్టుకుంటే, తాళం వేయనివాడు తీయబోయినప్పుడు ఈపర్మ్ అనే దోషాన్ని తిరిగి ఇస్తుంది. కాబట్టి ఈ పనికి ముందుగా ఒక నియమం పెట్టుకున్నాను: తాళం కావలసిన చోట మ్యూటెక్స్, లెక్క కావలసిన చోట సెమాఫోర్. ప్రతి సెమాఫోర్‌కూ అది దేనిని లెక్కిస్తోందో ఒక తెలుగు వాక్యంలో రాసుకోవాలి. ఆ వాక్యం కుదరకపోతే ఆ సెమాఫోర్ అక్కడ ఉండకూడదు. మొదటి విలువ ఎంత అనే ప్రశ్నకు కూడా ఆ వాక్యమే జవాబు ఇస్తుంది.

ఉమ్మడి స్ట్రక్చరు స్థానంలో పదహారు గదుల వలయాకార బఫరును పెట్టాను. నమోదు చేసే థ్రెడ్ ఒకటి, అందులో వేసే కాటా థ్రెడ్లు నాలుగు. ‘ఖాళీ’ అనే సెమాఫోర్ ఇప్పుడు నింపదగిన గదులను లెక్కిస్తుంది, అందుకని 16తో మొదలవుతుంది. ‘నిండు’ అనే సెమాఫోర్ ఇంకా తీయని తూకాలను లెక్కిస్తుంది, అందుకని 0తో మొదలవుతుంది. బఫరు చివరలను కదిలించే క్షణానికి ఒక మ్యూటెక్స్. ఆ హాలులోనే ఇలాంటి ఏర్పాటు ఉంది: ఒలిచేవాళ్ల బల్ల దగ్గర ఖాళీ ట్రేలు ఒక దొంతర, నిండినవి మరో దొంతర, ఖాళీ ట్రే లేకపోతే ఒలిచే ఆమె ఆగుతుంది, నిండిన ట్రే లేకపోతే గ్రేడింగ్ ఆమె ఆగుతుంది, మొత్తం ట్రేల సంఖ్య మాత్రం మారదు. మేస్త్రీకి ప్రోగ్రామును ఇలాగే వివరించాను, ఆయనకు వెంటనే అర్థమైంది.

కాటా థ్రెడ్ పాటించే వరుస ఇది: ఖాళీ మీద వెయిట్, మ్యూటెక్స్ తాళం, గదిలో రాత, తాళం తీత, నిండు మీద పోస్ట్. నమోదు థ్రెడ్ దీనికి అద్దం: నిండు మీద వెయిట్, తాళం, గది నుంచి తీత, తాళం తీత, ఖాళీ మీద పోస్ట్. ఫైలులో రాయడం, మొత్తం కూడడం తాళం బయటే జరుగుతాయి. మొత్తాన్ని ఇప్పుడు ఒక్క థ్రెడ్ మాత్రమే ముట్టుకుంటుంది కాబట్టి దానికి రక్షణే అక్కరలేదు. వెయిట్, తాళం ఈ రెంటి వరుస తారుమారైతే ఏమవుతుందో కళ్లారా చూడడానికి, పరీక్ష ప్రతిలో కావాలనే తాళాన్ని ముందుకు, ఖాళీ మీద వెయిట్‌ను వెనక్కు మార్చి నడిపాను. బఫరు నిండేదాకా అంతా సవ్యంగానే సాగింది. నిండిన తరువాత ఒక కాటా థ్రెడ్ తాళం పట్టుకునే ఖాళీ కోసం నిద్రపోయింది. ఖాళీని పెంచగలిగిన ఏకైక థ్రెడ్ ఆ తాళం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. జీడీబీ అనే దోషశోధన ఉపకరణాన్ని ఆ ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రాముకు) తగిలించి అన్ని థ్రెడ్ల పిలుపుల వరుసను ఒకేసారి చూపమంటే, ఒక థ్రెడ్ సెమ్_వెయిట్‌లోనూ, మిగిలినవన్నీ మ్యూటెక్స్ తాళం దగ్గరా నిలిచి ఉండడం స్పష్టంగా కనిపించింది. పోస్ట్‌ల విషయంలో ఇలాంటి ప్రమాదం లేదు, అవి ఎవరినీ ఆపవు. తాళం తీయకముందు పోస్ట్ చేసినా ఫలితం మారదు, మేల్కొన్నవాడు ఒక్క క్షణం తాళం దగ్గర ఆగుతాడు, అంతే.

సెమ్_వెయిట్ తిరిగి ఇచ్చే విలువను చాలామంది చూడరు. ఎస్ఏ_రీస్టార్ట్ అనే గుర్తు పెట్టకుండా అమర్చిన సిగ్నల్ హ్యాండ్లర్ (వ్యవస్థ పంపే సంకేతానికి స్పందించే ఫంక్షను) నడుమ వస్తే, సెమ్_వెయిట్ అంకెను తగ్గించకుండానే -1 ఇచ్చి, ఈఇంటర్ అనే దోషసంఖ్యతో వెనక్కి వస్తుంది. ఆఫీసు తెరను సెకనుకోసారి తాజా చేయడానికి పాత ప్రోగ్రాములో అలారం సిగ్నల్ వాడారు. దాన్ని అలాగే ఉంచి ఉంటే, ఏ తూకమూ రాకపోయినా నమోదు థ్రెడ్ మేల్కొని పాత గదినే మళ్లీ చదివి ఉండేది. నేను వెయిట్‌ను ఒక చిన్న ఫంక్షనులో చుట్టి, ఈఇంటర్ వచ్చినంతకాలం మళ్లీ పిలిచేలా, మరే దోషమైనా ప్రోగ్రాము అక్కడే ఆగి కబురు చెప్పేలా రాసుకున్నాను. సెమ్_గెట్‌వేల్యూ అనే ఫంక్షనును మాత్రం లాగ్ ఫైలుకే పరిమితం చేశాను. అది చెప్పే అంకె మన చేతికి వచ్చేలోగా పాతబడి ఉండవచ్చు. దాన్ని చూసి నిర్ణయం తీసుకుంటే మొదటి రోగమే కొత్త రూపంలో తిరిగి వస్తుంది.

థ్రెడ్ల పని ఇంతటితో తెమిలింది. నిజంగా ఆలోచించవలసి వచ్చింది ప్రాసెస్‌ల దగ్గర. ప్రింటరు కాగితం ఇరుక్కున్నా, డ్రైవరు మొరాయించినా తూకాల నమోదు ఆగకూడదని చీటీ కొట్టే భాగాన్ని వేరే ప్రాసెస్‌గా విడదీయాలనుకున్నాను. అవసరమైతే గుమస్తా గారు దాన్ని ఒక్కదాన్నే ఆపి మళ్లీ మొదలుపెట్టుకోగలగాలి. రెండు ప్రాసెస్‌ల నడుమ సెమాఫోర్ పెట్టడానికి పోజిక్స్‌లో రెండు దారులు ఉన్నాయి. మొదటిది పేరు లేనిది: సెమ్_ఇనిట్‌లో రెండో ఆర్గ్యుమెంటును 1 చేయాలి. ఇక్కడ పాఠాలు మింగేసే సంగతి ఒకటుంది. ఆ 1 అనేది వాగ్దానం మాత్రమే. సెమాఫోర్ ఉన్న మెమరీ నిజంగా ఉమ్మడిది కాకపోతే ఉపయోగం లేదు. గ్లోబల్ చలరాశిగా ప్రకటించి, సెమ్_ఇనిట్ చేసి, ఫోర్క్ చేస్తే (ప్రాసెస్‌కు నకలుగా బిడ్డ ప్రాసెస్‌ను పుట్టిస్తే) తండ్రికొక ప్రతి, బిడ్డకొక ప్రతి ఏర్పడతాయి. తండ్రి తన ప్రతిలో ఎన్ని పోస్ట్‌లు చేసినా బిడ్డ తన ప్రతిలోని సున్నాను చూస్తూ నిద్రపోతూనే ఉంటుంది. ఎమ్‌మ్యాప్‌తో ఉమ్మడిగా తీసుకున్న మెమరీలో, ఫోర్క్‌కు ముందే దాన్ని పెట్టాలి. కొందరు మ్యాక్ కంప్యూటరు మీద సాధన చేస్తుంటారు. అక్కడ పేరు లేని సెమాఫోర్లకు సెమ్_ఇనిట్ అసలు పనిచేయదు, ఈనోసిస్ అనే దోషాన్ని ఇస్తుంది.

నా రెండు ప్రాసెస్‌లకు తండ్రీబిడ్డల సంబంధం లేదు కనుక రెండో దారి, అంటే పేరున్న సెమాఫోర్, సరిపోతుంది. సెమ్_ఓపెన్‌కు వాలుగీతతో మొదలయ్యే పేరు ఇస్తే, లినక్స్‌లో అది డెవ్ డైరెక్టరీలోని ఎస్‌హెచ్‌ఎమ్ కింద ‘సెమ్.’ అనే ముందుమాటతో ఒక ఫైలుగా కనిపిస్తుంది. ఇక్కడ అనుమతుల చిక్కు ఎదురైంది. నమోదు ప్రాసెస్ ఒక ఖాతాలో, చీటీ ప్రాసెస్ గుమస్తా గారి ఖాతాలో నడవాలి. సెమ్_ఓపెన్‌కు అందరూ చదవవచ్చు, రాయవచ్చు అనే 0666 అనుమతి ఇచ్చినా, యూమాస్క్ (కొత్త ఫైలు అనుమతులను తగ్గించే అమరిక) 022 అయితే ఫైలుకు దక్కేది 0644. సెమాఫోర్‌ను తెరవడానికి చదివే అనుమతితోపాటు రాసే అనుమతి కూడా కావాలి కాబట్టి రెండో ఖాతాకు ప్రవేశం నిరాకరించబడుతుంది. ఇద్దరినీ ఒకే గ్రూపులో చేర్చి, ఆ గ్రూపు పేరుతోనే నమోదు ప్రాసెస్‌ను నడిపి, తెరిచేముందు యూమాస్క్‌ను 007 చేసి, 0660 ఇవ్వడంతో అది తీరింది.

అసలు చిక్కు ప్రాసెస్ అర్ధాంతరంగా చనిపోయినప్పుడు వస్తుంది. పలాసలో కరెంటు పోవడం మామూలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరలో తీరం దాటిన తరువాత ఉద్దానమంతా ఎన్ని రోజులు చీకట్లో ఉందో అక్కడివారెవరూ మరచిపోలేదు. కానీ కరెంటు పోవడం సెమాఫోర్‌కు ప్రమాదమే కాదు. ఆ డైరెక్టరీ మెమరీలోనే ఉంటుంది కనుక కంప్యూటరు తిరిగి మొదలైనప్పుడు శుభ్రంగా ఉంటుంది. కంప్యూటరు బతికి ఉండి ప్రాసెస్ ఒక్కటే చచ్చినప్పుడే సెమాఫోర్ పాత అంకెతో మిగిలిపోతుంది. మళ్లీ సెమ్_ఓపెన్ చేసినప్పుడు, ఓ_క్రియేట్ గుర్తు ఇచ్చినా, ఆ పేరుతో సెమాఫోర్ అప్పటికే ఉంటే మనమిచ్చిన మొదటి విలువను పట్టించుకోదు. తాళంగా వాడిన సెమాఫోర్ సున్నా దగ్గర మిగిలిపోతే, ఆ తరువాత వచ్చిన ప్రతి ప్రాసెస్ తలుపు దగ్గరే నిద్రపోతుంది.

దీనికి తేలికగా తోచే మందు, ప్రోగ్రాము మొదట్లోనే సెమ్_అన్‌లింక్ చేసి కొత్తది సృష్టించడం. ఇందులో ఇంకో గొయ్యి ఉంది. అన్‌లింక్ పేరును మాత్రమే తీసేస్తుంది. అప్పటికే తెరిచి ఉంచుకున్న ప్రాసెస్ దగ్గర పాత సెమాఫోర్ బతికే ఉంటుంది. నమోదు ప్రాసెస్ ఒక్కటే తిరిగి మొదలై అన్‌లింక్ చేసి కొత్తది తెరిస్తే, అది కొత్తదానికి పోస్ట్ చేస్తూ ఉంటుంది, చీటీ ప్రాసెస్ పాతదాని మీద వెయిట్ చేస్తూ ఉంటుంది. పేరు ఒకటే, వస్తువులు రెండు.

సిస్టమ్ ఫైవ్ అనే పాత యూనిక్స్ తరహా సెమాఫోర్లను కూడా ఈ సందర్భంలో పరిశీలించాను. వాటిలో సెమ్_అన్‌డూ అనే గుర్తు ఉంది. దానితో చేసిన మార్పులను ప్రాసెస్ చనిపోతే కెర్నల్ వెనక్కి తిప్పుతుంది. తాళానికి ఇది వరమే. లెక్కకు మాత్రం కీడు: కొత్త తూకం వచ్చిందని ఒకటి పెంచిన ప్రాసెస్ పని ముగించి మామూలుగా వెళ్లిపోయినా కెర్నల్ ఆ ఒకటిని తీసేస్తుంది, తూకం మాత్రం అక్కడే ఉంటుంది. పైగా సృష్టించడం సెమ్‌గెట్‌తో, విలువ పెట్టడం సెమ్‌సీటీఎల్‌తో, రెండూ వేర్వేరు పిలుపులు. నడుమ మరో ప్రాసెస్ దూరితే అది ఇంకా విలువ పెట్టని సెమాఫోర్‌ను వాడుతుంది. ఉమ్మడి మెమరీలో తాళమే కావాలంటే, ప్రాసెస్‌ల మధ్య పంచుకోదగిన రోబస్ట్ రకం మ్యూటెక్స్ మేలు. పట్టుకున్నవాడు చనిపోతే తరువాతి వాడికి ఈఓనర్‌డెడ్ అని తెలియజేస్తుంది, అతడు లోపలి సమాచారాన్ని సరిచూసి ముందుకు సాగవచ్చు.

ఇన్ని దారులు బేరీజు వేశాక, నాకు తాళమే అవసరం లేని దారి దొరికింది. నమోదు థ్రెడ్ ఎలాగూ ప్రతి తూకాన్ని డిస్కు మీది ఫైలులో రాస్తోంది. ప్రతి నమోదును సరిగ్గా 64 బైట్ల పొడవుకు కుదించి, వరుస సంఖ్య ఇచ్చి, ఫైలు చివర చేర్చి, ఎఫ్‌సింక్ (రాసినది డిస్కుకు చేరేదాకా ఆగే పిలుపు) ముగిశాకనే సెమాఫోర్‌కు పోస్ట్ చేసేలా మార్చాను. చీటీ ప్రాసెస్ తాను చివరిగా కొట్టిన వరుస సంఖ్యను తన సొంత ఫైలులో దాచుకుంటుంది. మొదలు కాగానే సెమాఫోర్ వైపు చూడకుండా, ఆ సంఖ్య తరువాత పూర్తిగా ఉన్న 64 బైట్ల నమోదులన్నింటికీ చీటీలు కొట్టి, ఆపైన వెయిట్ చేస్తుంది; మేల్కొన్న ప్రతిసారీ అదే పని. దీనివల్ల రెండు ప్రాసెస్‌ల మధ్య సెమాఫోర్ తప్ప వేరే ఉమ్మడి మెమరీ లేదు, తాళం లేదు. సెమాఫోర్ లెక్కిస్తున్నది ‘ఫైలు చూడమని చేసిన హెచ్చరికల’ను మాత్రమే. ఒక హెచ్చరిక ఎక్కువైతే చీటీ ప్రాసెస్ మేల్కొని, కొత్తదేమీ లేదని చూసి, మళ్లీ పడుకుంటుంది. కాబట్టి పాత అంకె మిగిలిపోయినా నష్టం లేదు, అన్‌లింక్ అవసరమూ లేదు. చీటీ కొట్టిన తరువాత, సంఖ్య దాచుకోకముందు ప్రాసెస్ చనిపోతే అదే చీటీ మరోసారి పడుతుంది; వరుస సంఖ్య దాని మీదే ఉంటుంది కనుక గుమస్తా గారు రెండోదాన్ని చించేస్తారు. చీటీ అసలు పడకపోవడం కన్నా రెండుసార్లు పడడమే మేలని షావుకారు గారు కూడా ఒప్పుకున్నారు. ప్రింటరును వారాల తరబడి ఆపేసినా హెచ్చరికల లెక్క పొర్లదు. లినక్స్‌లో సెమాఫోర్ గరిష్ఠ విలువ 2147483647, అన్ని ట్రేల పప్పు పలాసలో కాదు గదా ఎక్కడా ఒలవరు.

హెచ్చరిక తప్పిపోయే సందర్భం కూడా ఒకటి మిగిలింది: నమోదు ప్రాసెస్ ఎఫ్‌సింక్ చేసి, పోస్ట్ చేయకముందే చనిపోవడం. దానికి చీటీ ప్రాసెస్ గడువుతో కూడిన వెయిట్ చేస్తుంది, ముప్పై సెకన్లలో ఎవరూ లేపకపోయినా తానే లేచి ఫైలు చూస్తుంది. సెమ్_టైమ్డ్‌వెయిట్‌కు ఇవ్వవలసింది ముప్పై సెకన్లు అనే వ్యవధి కాదు, గోడ గడియారం (కంప్యూటరు చూపే తేదీ, సమయం) ప్రకారం ఫలానా సమయం అనే గడువు. ఆ ఆఫీసు కంప్యూటరులో బోర్డు మీది బ్యాటరీ అయిపోయి, మొదలైన ప్రతిసారీ గడియారం ఏవో పాత సంవత్సరాలు చూపి, ఇంటర్నెట్ అందగానే ఒక్క గెంతున నేటికి వస్తుంది. అలాంటి యంత్రం మీద గోడ గడియారాన్ని నమ్మడం ఎందుకని, గ్లిబ్‌సీ 2.30లో వచ్చిన సెమ్_క్లాక్‌వెయిట్‌ను మోనోటానిక్ గడియారంతో, అంటే తేదీ మార్చినా గెంతకుండా ముందుకే నడిచేదానితో, వాడాను. బ్యాటరీ మార్చమని కూడా చెప్పాను. అది ఇంకా మార్చలేదు.

పరీక్షలకు శ్రీకాకుళంలో కాటాలు లేవు. సోకాట్ అనే ఉపకరణంతో నాలుగు జతల కృత్రిమ టెర్మినళ్లు సృష్టించి, ఒక వైపు నుంచి చిన్న స్క్రిప్టు తూకాలు పంపుతూ ఉంటే, మరో వైపు నా ప్రోగ్రాము వాటిని నిజమైన కాటాలే అనుకుని చదివేలా చేశాను. కాటాలకన్నా ఎన్నో రెట్లు వేగంగా పంపించి, నడుమ నడుమ యూస్లీప్‌తో కావాలనే జాప్యాలు చొప్పించి, థ్రెడ్లు ఒకదాని దారికి ఒకటి అడ్డం వచ్చే అవకాశాలను పెంచాను. హైఫన్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ థ్రెడ్ అనే ఐచ్ఛికంతో కంపైల్ చేస్తే థ్రెడ్ శానిటైజర్ పాత ప్రోగ్రాములో ఏ రెండు వరుసలు ఒకే చలరాశి మీద పోటీ పడుతున్నాయో వరుస సంఖ్యలతో సహా చూపింది. కొత్త దానిలో ఏమీ చూపలేదు. అది ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లనే గమనిస్తుంది, ప్రాసెస్‌ల మధ్య పోటీని పట్టుకోలేదు. అందువల్ల ఆ భాగానికి మొరటు పరీక్ష పెట్టాను: రెండు ప్రాసెస్‌లలో ఏదో ఒకదాన్ని యాదృచ్ఛిక సమయాలలో కిల్ -9తో చంపి మళ్లీ మొదలుపెట్టే స్క్రిప్టును రాత్రంతా నడిపి, పొద్దున ఫైలులోని వరుస సంఖ్యలనూ చీటీల వరుస సంఖ్యలనూ సరిపోల్చాను. కొన్ని చీటీలు రెండేసి ఉన్నాయి, లేని సంఖ్య ఒక్కటీ లేదు.

చివరకు మిగిలింది ప్రోగ్రామును మర్యాదగా ఆపడం. సిగ్నల్ హ్యాండ్లరులో ప్రింట్‌ఎఫ్ గానీ మ్యూటెక్స్ తాళం గానీ పిలవకూడదు. సెమ్_పోస్ట్‌ను మాత్రం పిలవవచ్చని పోజిక్స్ స్పష్టంగా అనుమతిస్తుంది. అందుకని ‘ఆపు’ అనే మరో సెమాఫోర్‌ను 0తో పెట్టాను, అది ఆపమని వచ్చిన కోరికలను లెక్కిస్తుంది. ముఖ్య థ్రెడ్ దాని మీద రోజంతా నిద్రపోతుంది. ముగించమనే సిగ్నల్ రాగానే హ్యాండ్లరు ఒక పోస్ట్ చేస్తుంది, ముఖ్య థ్రెడ్ లేచి ఒక అటామిక్ గుర్తును మారుస్తుంది. కాటా థ్రెడ్లు సీరియల్ పోర్టును సెకను గడువుతో చదువుతాయి కనుక ఆ గుర్తును త్వరలోనే గమనించి, ప్రతి ఒక్కటీ బఫరులో ‘ముగింపు’ అనే ప్రత్యేక నమోదు వేసి వెళ్లిపోతుంది. నమోదు థ్రెడ్ నాలుగు ముగింపులు లెక్కపెట్టుకునేదాకా, ముందున్న తూకాలన్నీ ఫైలుకు చేరుస్తూనే ఉంటుంది. ఎవరైనా వెయిట్‌లో ఉండగా సెమ్_డిస్ట్రాయ్ చేస్తే ఏమవుతుందో ప్రమాణం చెప్పదు కనుక, ఐదు థ్రెడ్లనూ జాయిన్ చేసుకున్న తరువాతే ఖాళీ, నిండు, ఆపు సెమాఫోర్లను తీసేస్తుంది. చీటీ ప్రాసెస్ కోసం తెరిచిన పేరున్న సెమాఫోర్‌ను సెమ్_క్లోజ్ చేసి, పేరును అలాగే ఉంచుతుంది.

ఇప్పుడు మేక్‌ఫైలులో హైఫన్ ఓ2 ఉంది, పాత వ్యాఖ్య తీసేశాను. గ్రేడింగ్ హాలులో ఐదో కాటా పెడతామని షావుకారు గారు అంటున్నారు. దానికి థ్రెడ్ల సంఖ్యను, నమోదు థ్రెడ్ ఎదురుచూసే ముగింపుల సంఖ్యను ఒకే స్థిరాంకం నుంచి తీసుకునేలా ఇప్పటికే మార్చి ఉంచాను. ఖాళీ సెమాఫోర్ మొదటి విలువ మాత్రం 16గానే ఉంటుంది, ఎందుకంటే అది లెక్కించేది గదులను, కాటాలను కాదు.